పొద్దును తూచే తరాజు

చేతిలో పెట్టిన వస్తువు బరువెంతో కళ్ళు మూసుకుని చెప్పడం నాకు ఉద్యోగంతో అంటిన అలవాటు. ఇప్పటికీ మా కోడలు ఉల్లిపాయల సంచి తెచ్చి చేతికిస్తే, "ముప్పావు కిలోకి ఇరవై గ్రాములు తక్కువమ్మా" అంటాను. ఆవిడ వంటింట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తుంది. మహా అయితే అయిదు గ్రాముల తేడా వస్తుంది. ఆ తేడా కాటాదేనని నేను వాదిస్తాను. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా బతికినవాడు కాటాని నమ్మడు.

ఈ మధ్య శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి, "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ" అని అడిగారు. ఏదో రెండు నవ్వులాట కబుర్లు చెప్పి పంపేశాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. నా చేతికి లొంగని బరువు ఒక్కటే ఒక్కటి ఉంది. దాని సంగతి ఇక్కడ రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

అరవైల మొదట్లో నన్ను అనకాపల్లి వేశారు. నాకప్పటికి పెళ్ళై ఏడాది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. సొంతూరు గోదావరి పక్క. అక్కడి మాట నాకు సగమే తెలిసేది. వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చిన కొత్త. బెల్లం వర్తకులు కిలో రాయిని చూస్తే మొహం పక్కకి తిప్పుకునేవారు. పాత రాళ్ళూ, ముద్ర లేని కాటాలూ ఎక్కడ కనిపించినా పట్టుకుని, వాటి మీద రద్దు ముద్ర కొట్టి, జాబితా రాసి, ఆఫీసులో పోగెయ్యాలి. పై అధికారి వచ్చినప్పుడు ఆయన ఎదుటే కరిగించెయ్యాలి. ఇదీ పని. నేను ఆ పని చాలా హుషారుగా చేశాను. ఒళ్ళు తెలియని హుషారు.

ఆఫీసంటే బెల్లం మార్కెట్టు వెనక రెండు గదుల పెంకుటిల్లు. నేనూ, మాన్యువల్ అసిస్టెంటూ, అంతే సిబ్బంది. అసిస్టెంటు అక్కడివాడే. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. పూర్వం మార్కెట్లో కాటా పట్టేవాడు. చిన్న దాగలీ సుత్తీ ముద్రలూ ఒక గోనెసంచిలో భుజానికెత్తుకుని నా వెనకాల నడిచేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే అది నాకు నచ్చేది కాదు, ఎందుకంటే అది సాధారణంగా సరైన మాటే అయ్యేది.

వేసవి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం బజారులో తనిఖీకి బయలుదేరాం. నాలుగు దాటింది. ఒక కళాయి దుకాణం ముందు ఆగాను. గిన్నెలకి కళాయి పూసే సాయిబుల దుకాణం అది. లోపల నవాసాగరం పొగ వాసన. పాత ఇత్తడి చెంబులు కుప్పగా ఉన్నాయి. గోడ మేకుకి, పైన ఉంగరంతో, ఒక గుండ్రటి ఇత్తడి వస్తువు వేలాడుతోంది. అరచేతికంటే కొంచెం పెద్దది. అంచు చుట్టూ సన్నసన్నగా గీతలు. మధ్యలో మేకు, దాని మీద తిరిగే ముల్లు. ముందు భాగాన తీగలూ ఆకులూ అల్లినట్టు కోసిన జాలీ. వర్తకులు రహస్యంగా వాడే గుండ్రటి స్ప్రింగ్ కాటాలు రెండు అప్పటికే పట్టుకున్నవాణ్ణి. ఇది మూడోదనుకున్నాను.

దుకాణంలో ఒక ముసలాయన చాప మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఏదండి బాబూ?"

"ఈ గోడకున్నది."

"అదా. తరాజండి. మా తాతలనాటిది."

తరాజు అంటే త్రాసు. ఇంక నాకు వేరే సాక్ష్యం ఏం కావాలి?

"దీంతో ఏం తూస్తావు?"

"పొద్దుని తూత్తామండి. రాత్రేళ సుక్కల్ని తూత్తాం."

"నేను సరుకు సంగతి అడుగుతున్నాను."

"సరుకు కాదు బాబూ. పొద్దే."

ఆ మాటంటూ ఆయన నా మొహం కేసి చూడలేదు. నా భుజం మీంచి వెనక ఎక్కడో చూస్తున్నాడు. పొగరనుకున్నాను. అధికారి ఎదుట నిలబడితే లేచి నిలబడకపోగా వేళాకోళమా అని నాకు తిక్క రేగింది. అసిస్టెంటు ఆ వస్తువుని మేకు నుంచి దింపి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబూ, దీనికి పళ్ళేల్లేవు. సరుకెక్కడెడతారు, రాయెక్కడెడతారు?"

"స్ప్రింగు లోపల ఉంటుంది. నీకు తెలీదు. దాగలి తియ్యి."

పంచనామాలో నేను రాసిన వాక్యం నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు. 'ఇత్తడి తరాజు, గుండ్రనిది, ఒకటి. అంచున మెట్రిక్ పద్ధతికి విరుద్ధమైన గీతలు కలవు. దీనితో నిత్యం తూస్తున్నట్టు దుకాణదారు స్వయంగా ఒప్పుకున్నాడు.' మెట్రిక్ పద్ధతికి విరుద్ధమైన గీతలట. అవి మూడు వందల అరవై గీతలని, ఆకాశాన్ని కొలిచేవని నాకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

దాగలి మీద పెట్టి, గుణకారం గుర్తున్న రద్దు ముద్ర ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాను. ఇత్తడి మీద దెబ్బ పడితే టంగుమని వీధి చివరికి వినిపిస్తుంది. ఇది మోగలేదు. ముద్ర చప్పుడు లేకుండా దిగిపోయింది. అసిస్టెంటు నా కేసి చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ముసలాయన చాప మీద కొంచెం ముందుకి వంగాడు.

"ఏ ఏల మీద పడింది బాబూ దెబ్బ?"

ఆ ఊళ్ళో వేలుని ఏలు అంటారని అప్పటికి నాకు తెలుసు. అసిస్టెంటు వేలు నలిగిందేమోనని అడుగుతున్నాడనుకున్నాను.

"ఎవరి వేలి మీదా పడలేదులే" అన్నాను.

మేం వీధి మలుపు తిరిగే వరకూ ముసలాయన మొహం మా నడక చప్పుడు వైపే తిరిగి ఉందని అసిస్టెంటు తర్వాత చెప్పాడు.

ఆఫీసులో గాజు తలుపుల పెట్టెలో పెద్ద దండె త్రాసు ఉండేది. పట్టుకున్న ఇత్తడి సామాను బరువు రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ రోజు నాలుగున్నరకి నేనే తూచాను. ఆరు వందల పదహారు గ్రాములు. సిరాతో రాసి సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున్న పదింటికి సామానంతా మళ్ళీ సరిచూసుకోవడం రివాజు. తరాజుని పళ్ళెంలో పెట్టాను. ఆరు వందల పన్నెండు.

రెండోసారి పెట్టాను. పన్నెండే.

గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంది. నేను తియ్యలేదు. నాకు అంతకు మించి లెక్క తట్టలేదు. అసిస్టెంటుని పిలిచాను.

"ఆకురాయి ఎక్కడ దాచావు?"

"ఏ ఆకురాయండి?"

"నాలుగు గ్రాముల ఇత్తడి రాత్రికి రాత్రి అరిగిపోదుగా?"

అతను పళ్ళెం కేసీ, నా కేసీ చూశాడు. మొహం నల్లబడింది.

"పదారేళ్ళు కాటా పట్టేను బాబూ, ఈ సేతుల్తో. లారీలకి లారీలు బెల్లం దాటింది. నాలుగు గ్రాములకి కక్కుర్తి పడతానా?"

"పడ్డావో లేదో రిజిస్టరే చెబుతోంది" అన్నాను. పెద్దవాడని కూడా చూడలేదు. అతను తలొంచుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. రోజూ నాకు టీ తెచ్చేవాడు, ఆ రోజు తేలేదు.

తరాజుని చిన్న చెక్కపెట్టెలో పెట్టి, తాడు కట్టి, లక్క ముద్ర వేసి, నా బల్ల మీదే నా కళ్ళెదుట ఉంచుకున్నాను. భోజనానికి కూడా ఇంటికెళ్ళలేదు. సాయంత్రం ఎందుకో మనసాగక ముద్ర విప్పి మళ్ళీ తూచాను. అదే నాలుగున్నర. ఆరు వందల పదహారు.

పోయిన నాలుగు గ్రాములు తిరిగొచ్చాయి.

మీరు చదువుకున్నవాళ్ళు, వేడికి ఇత్తడి వ్యాకోచిస్తుందంటారు. వ్యాకోచిస్తే సాగుతుంది గానీ బరువెక్కదు. స్ప్రింగ్ కాటా అయితే ఎండకి స్ప్రింగు వదులైందనుకోవచ్చు. ఇది దండె త్రాసు, ఈ పళ్ళేనికి ఎంత ఎండో ఆ పళ్ళేనికీ అంతే. అయినా నేను పళ్ళేలు మార్చి తూచాను. తలుపులు మూసి తూచాను. కిలో రాయిని పొద్దున్నా సాయంత్రమూ తూచాను, వెంట్రుకవాసి తేడా లేదు. తరాజు ఒక్కటే తేడా. మూడు రోజులు వరసగా చూశాను. పదింటికి పన్నెండు, మధ్యాహ్నం పన్నెండింటికి పదమూడు, మూడింటికి పదిహేను, నాలుగున్నరకి పదహారు. ఆ తర్వాత మెల్లగా తగ్గడం మొదలు. పట్టపగలు, బయట బెల్లం బళ్ళ చప్పుడు వినిపిస్తుండగా, గాజు తలుపు ముందు కూర్చుని నేను భయపడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఇంకొకటి. బెల్లం మార్కెట్టు వెనక ఆఫీసు కదా, ఈగలు మా మొహాల మీద, ఫైళ్ళ మీద, సిరాబుడ్డి మీద వాలేవి. ఆ తరాజు మీద ఒక్క ఈగ వాలగా నేను చూడలేదు.

మూడో రోజు సాయంత్రం అసిస్టెంటుని లోపలికి పిలిచి, ఏమీ అనకుండా పళ్ళెం చూపించాను. అతను త్రాసు ముల్లు కేసి చూశాడు, రాళ్ళు లెక్కపెట్టాడు. కిటికీలోంచి ఎండ కేసి చూశాడు.

"పొద్దెక్కి కూకుంది బాబూ దాని మీద" అన్నాడు మామూలుగా, బెల్లం దిమ్మ మీద తేనెటీగ కూర్చుందన్నట్టే.

"నీకు ముందే తెలుసా?"

"బరువు సంగతి తెల్దు. ఆ ముసలాయన సంగతి బజార్లో అందరికీ తెలుసు. సూపు నేదు కదా ఆయనకి. అయిదారేళ్ళైంది. ఆ తరాజుతోనే ఏల సెప్తాడు."

"చూపు లేదా?"

"మీరు సూళ్ళేదా బాబూ?"

చూడలేదు. నా వైపు చూడలేదని ఆయన మీద కోపం తెచ్చుకున్నాను గానీ ఎందుకు చూడలేదో నేను చూడలేదు. అసిస్టెంటుతో తప్పైపోయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. బయటికెళ్ళి ఇద్దరికీ టీ నేనే తెచ్చాను. అతను గ్లాసు అందుకుని, "సక్కెర తక్కువైంది" అన్నాడు. అంతటితో ఆ గొడవ తీరింది.

మర్నాడు ముసలాయన కూతురు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త కళాయి పని మీద బుచ్చయ్యపేట వైపు ఊళ్ళు తిరుగుతున్నాడట, అందుకని తనే వచ్చానంది. గుమ్మంలోనే నిలబడింది.

"బాబుగారూ, మా అబ్బ తరాజు ఇప్పించండి. అది సరుకు తూసేది కాదండి. పొద్దెంత పైకొచ్చిందో నేను దాని కంతల్లోంచి ఎండ పట్టి ముల్లు నిలబెడతాను. మా అబ్బ ఏళ్ళతో తడిమి, ఏ నమాజు ఏలో సెప్తాడు."

"మసీదులో గడియారం ఉంటుందిగా? బాంగు పిలుపు వినిపిస్తుందిగా?"

"ఉందండి. వినపడతాది. మా అబ్బకి గడియారం మీద గురి నేదు. మనిసి తిప్పితే తిరిగేది ఏల ఎలా సెప్తాదంటాడు. మీరు అట్టుకెళ్ళిన కాడ్నించి ఒక్కో నమాజు మూడేసి సార్లు సేత్తన్నాడు. మూడిట్లో ఏదో ఒకటి ఏలకి తగులుతాదని. ఒంగుతాడు, లెగుతాడు, మళ్ళీ ఒంగుతాడు. ఆ వయసుకి ఓపికెక్కడిదండి? నిన్న ఒంగినోడు లెగనేపోయేడు. నేనే లేపేను. ఇంకా నాలుగు రోజులిలాగే అయితే మడిసి దక్కడు."

ఏలంటే ఏమిటో నాకు అప్పుడు వెలిగింది. వేలు కాదు, వేళ. ఏ వేళ మీద పడింది దెబ్బ అని ఆయన అడిగితే, ఎవరి వేలి మీదా పడలేదని సమాధానం చెప్పి వచ్చాను.

అప్పటికప్పుడు బల్ల మీది పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టి ఉంటే ఇంత కథ లేదు. పెట్టలేదు. సిరాతో ఎక్కిన వస్తువది. ఇచ్చేస్తే పై అధికారికి సంజాయిషీ రాయాలి. తరాజు కానిదాన్ని తరాజని పట్టుకున్నాను, ముద్ర కూడా కొట్టానని ప్రొబేషన్లో ఉన్నవాడు తన చేత్తో రాసివ్వాలి. "చూస్తాలే వెళ్ళు" అన్నాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రమే పై అధికారి ఉత్తరం వచ్చింది. వచ్చే సోమవారం పొద్దున్న పదింటికి వస్తున్నాను, పట్టుకున్న ఇత్తడంతా రిజిస్టరు ప్రకారం తూచి, నా ఎదుట కరిగించవలెను అని.

రిజిస్టరు ప్రకారం అంటే ఆరు వందల పదహారు. పొద్దున్న పదింటికి అది తూగేది ఆరు వందల పన్నెండు. ఆ నాలుగు గ్రాములు ఎవరు తిన్నారని అడుగుతాడు. సాయంత్రం దాకా ఆగండి సార్, అప్పటికి సరిపోతుంది అని చెప్పగలనా? ముసలాయన మీద జాలితో తరాజుని కాపాడానని చాలామంది దగ్గర గొప్ప చెప్పుకున్నాను. నిజానికి సగం జాలి, సగం నా ఉద్యోగం మీద భయం. ఈ వయసులో ఇంకా దాచడమెందుకు?

అసిస్టెంటుని అడిగాను. అతను, "మన దగ్గరున్నది తూకమే కదా బాబూ. తూకానికి తూకం, వేరే ఇత్తడి ఎట్టీడమే" అన్నాడు.

ఇంటికెళ్ళి నా భార్యతో చెప్పాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి పళ్ళెం ఒకటుండేది ఆవిడకి, మందంగా, బరువుగా. అంతా విని ఆవిడ, "మీరు తప్పు చేస్తే నా పళ్ళెం కరగాలా?" అంది.

"ఇంకోటి కొంటాను."

"మా అమ్మ అందులో అన్నం తినేది. అలాంటిది ఎక్కడ కొంటారు?" అంది. అని లోపలికెళ్ళి, పళ్ళెం తోమి, తుడిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ ముసలాయన లేవలేకపోయాడన్నారుగా, తీసుకెళ్ళండి" అంది.

అసిస్టెంటు బావమరిది వరసైన కంచరాయన ఒకడుండేవాడు. సోమవారం కరిగించేది కూడా అతని కొలిమిలోనే. అతను పళ్ళేన్ని గుండ్రంగా కత్తిరించి, అంచు అరగదీసి, గీతలు గీసి, నేను తూచి చెప్పినకొద్దీ రజను రజనుగా తగ్గించాడు. ఆరు వందల పదహారు దగ్గర ఆపాను. నా సర్వీసు మొత్తంలో నేను కావాలని తయారు చేసిన దొంగ తూకం అదొక్కటే. అంత కచ్చితమైన తూకం కూడా అదొక్కటే.

సోమవారం పై అధికారి పదింటికల్లా దిగాడు. కోపిష్టి మనిషి కాదు, అనుమానం మనిషి. కోపం కంటే అది ప్రమాదం. ఒక్కో వస్తువునీ రిజిస్టర్లోంచి గట్టిగా చదివి, తనే పళ్ళెంలో పెట్టి తూచాడు. అసలు తరాజు నా బల్ల సొరుగులో ఉంది. పళ్ళెం ముక్క వంతు వచ్చింది.

"ఇత్తడి తరాజు, గుండ్రనిది. మిగతా భాగాలేవి?"

"ముల్లూ అవీ ఊడిపోయాయి సార్. అన్నీ కలిపి అణిచేశాం" అన్నాను.

తూచాడు. ముల్లు నడిమధ్య నిలబడింది.

"గ్రాము తేడా లేదు. ఇలా ఉండాలి కస్టడీ అంటే" అన్నాడు. తర్వాత ముక్కని వెలుగులోకి ఎత్తి, రెండు వైపులా తిప్పాడు. "రద్దు ముద్ర కొట్టినట్టు రాశారే? ఎక్కడ?"

బరువు సరి చేసుకున్నాను, గీతలు పెట్టించాను, ముద్ర సంగతి మర్చిపోయాను. ఏడాదిగా రోజూ కొట్టే ముద్ర.

"ఇదిగోండి బాబూ, అంచు కాడ" అన్నాడు అసిస్టెంటు, వేలు పెట్టి చూపిస్తూ. చిన్న గుణకారం గుర్తు, శుభ్రంగా ఉంది. పొద్దున్నే వచ్చి నాకు చెప్పకుండా కొట్టేసి ఉంచాడు. నేను దొంగన్న మనిషి.

పై అధికారి తలూపి పక్కన పెట్టాడు. గంటలో ఆ పళ్ళెం కంచరాయన మూసలో వీశెరాళ్ళతో కలిసి కరిగిపోయింది. నా భార్య తల్లి అందులో అన్నం తినేదన్న మాట అప్పుడు గుర్తొచ్చి, పొగ కళ్ళలో పడినట్టు మొహం తుడుచుకున్నాను.

ఆయన రెండింటి బండికి వెళ్ళిపోయాడు. నాలుగు దాటాక తరాజుని తువ్వాల్లో చుట్టి, అసిస్టెంటుతో కలిసి కళాయి దుకాణానికి వెళ్ళాను. దుకాణం వెనక చిన్న పెరడు. ముసలాయన గోడ నీడలో చాప మీద ఉన్నాడు. వారంలో సగమైపోయాడు. తువ్వాలు విప్పకముందే చెయ్యి చాపాడు.

"వచ్చిందా" అన్నాడు. నన్ను కాదు, దాన్ని.

ఉంగరంలోకి బొటనవేలు దూర్చి వేలాడదీసుకున్నాడు. రెండో చేత్తో నెమ్మదిగా తడమడం మొదలుపెట్టాడు. జాలీ ఆకుల చివర్లు, ముల్లు, కింది పలక మీద గీతలు. ఒకచోట వేలు ఆగింది. నేను కొట్టిన గుంట అది.

"అసర్ మీద పడింది" అన్నాడు. "అప్పుడే అడిగేను బాబూ."

"నాకు అర్థం కాలేదు" అన్నాను.

"మా తాతకి తాత కశింకోట ఫౌజుదారు కచేరీలో ఏల సెప్పేవోడండి. తరాజు ఎక్కడో లాహోరులో సేసింది. ఈ పలక మాత్రం ఆయన మనూరి పొద్దుకని సొంతంగా గీసుకున్నాడు. సాయంకాలం నమాజు గీత ఇది. మజ్జిలో తెగిపోయింది."

"బాగు చేయిస్తాను. మంచి కంచరాయన ఉన్నాడు."

"ఇత్తడి అతుకుతాడు. గీత గీసిన సెయ్యి నేదు కదా." ఆ మాటలో కోపం లేదు. అదే నాకు భరించడం కష్టమైంది. "నా మట్టుకు ఆ ఏల మూసుకున్నట్టే. ఫర్వానేదు. రండి. ముద్రేసింది మీరు కదా. ఇయ్యేళ మీరే తూయండి."

కూతురు ఎలాగో చూపించింది. ఉంగరం నా బొటనవేలికి తగిలించింది. వెనక వైపు ముల్లుకి రెండు చివర్లా రెండు రెక్కలు, ఒక్కో రెక్కలో ఒక్కో సన్న రంధ్రం. సూర్యుడి కేసి చూడక్కర్లేదు. పై రంధ్రంలోంచి ఎండ చుక్క కింది రంధ్రం మీద పడే దాకా ముల్లుని జరపాలి, అంతే. జరిపాను. చుక్క రెక్క అంచు మీద వణికింది. ఇంకొంచెం జరిపాను. చుక్క రంధ్రంలోకి సరిగ్గా దిగింది.

దిగిన క్షణంలోనే ఆ వస్తువు నా వేలిని కిందికి లాగింది. భ్రమ కాదు. వస్తువు బరువు తెలియడమే నా వృత్తి. నాలుగు గ్రాములు ఎంతో నా చేతికి తెలుసు. ఇది అంతకంటే చాలా ఎక్కువ. నిండిన చెంబుని ఎవరో చప్పుడు కాకుండా వేలికి తగిలించినట్టు అనిపించింది. చుట్టూ బజారు చప్పుడు ఆగిపోయినట్టైంది. నేను రెండో చెయ్యి అడ్డం పెట్టాను.

"బరువెక్కిందా బాబూ?" అన్నాడు ముసలాయన.

బరువు మారే సంగతి మేం ఆయనకి గానీ, కూతురికి గానీ చెప్పలేదు. అసిస్టెంటు కేసి చూశాను. అతను అడ్డంగా తలూపాడు.

"మీ కాటా మీద ఎంత తేడా వచ్చింది?"

"నాలుగు గ్రాములు."

"మా అబ్బకి ముందు తక్కువుండేది, తరవాత పెరిగిందనేవోడు. ఇది ఒక్క మనిసికి అలవాటవుతాది బాబూ. ఆ మనిసికి సూపు తగ్గేకొద్దీ ఇది బరువెక్కుతాది. ఆ మనిసి పోతే మామూలు ఇత్తడే. మళ్ళీ ఇంకోళ్ళకి అలవాటు పడ్డాక మొదలు." ఆయన నవ్వాడు. "భయపడకండి. మీకు సూపు బాగుంది కదా."

ఆ రోజు ఆయన అసర్ నమాజు ఒక్కసారే చేశాడు. మేం గుమ్మం బయట నిలబడ్డాం. కూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వానలు మొదలయ్యాక ఒక రోజు ఆవిడ ఆఫీసుకి వచ్చింది. అదే తువ్వాలు మూట నా బల్ల మీద పెట్టింది.

"మా అబ్బ పోయేడండి, మూడ్రోజులైంది. అసర్ ఏలకి సాప మీద కూకున్నాడు. మళ్ళీ లెగనేదు. సేతిలో ఇదుంది, ఏలు మీ ముద్ర కాడ ఉంది. ఇది మీకిచ్చీమని ముందే సెప్పేడు."

"నాకెందుకమ్మా? మీ ఇంటి వస్తువు."

"ఆఖరుసారి పొద్దు తూసిన కొత్త సెయ్యి మీదేనంట" అంది. "మా ఇంట్లో దీన్ని తూసేవోళ్ళు ఇంకెవరూ నేరు. అబ్బ నేకుండా ముల్లు అట్టుకోడానికి నాకు మనసొప్పదు."

ఎంత చెప్పినా తీసుకెళ్ళలేదు. ఆవిడ వెళ్ళాక తూచాను. ఆరు వందల పన్నెండు. నాలుగున్నర దాకా గాజు తలుపు ముందు కూర్చున్నాను. అసిస్టెంటు నా వెనక నిలబడ్డాడు. నాలుగున్నరకీ పన్నెండే. మర్నాడూ అంతే.

"దిగిపోయింది బాబూ" అన్నాడు అసిస్టెంటు.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. అసిస్టెంటు పోయాడు, పళ్ళెం ఇచ్చిన మనిషీ పోయింది. తరాజు నాతోనే ఉంది. అరబీ చదివిన ఒక పెద్దాయన చూసి, దాని అసలు పేరు ఉస్తుర్లాబ్ అని, సూర్యుణ్ణీ చుక్కల్నీ కొలిచే యంత్రమని, మూడు నాలుగు వందల ఏళ్ళ నాటిదని, మ్యూజియానికి ఇమ్మని చెప్పాడు. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. ఏడాదికోసారి పొద్దున్నా సాయంత్రమూ తూచేవాణ్ణి. యాభై ఏళ్ళ పైచిలుకు అది పన్నెండు మీదే నిలబడింది.

కిందటేడు నుంచి నాకు ఎడమ కన్ను మసకబారింది. ఇప్పుడు కుడి కన్ను అంచులు కూడా చీకటి పడుతున్నాయి. నరం దెబ్బతింది, మందులు వేసుకోవడమే గానీ పోయింది తిరిగి రాదు అన్నాడు డాక్టరు. అంకెలు నాకు కనపడవు కాబట్టి కోడల్ని పిలిచి, తరాజుని ఆ వంటింటి కాటా మీద పెట్టి చదవమన్నాను. పొద్దున్న ఆరు వందల పన్నెండు అంది. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ పెట్టమన్నాను. పదమూడు అంది. అది రెండు నెలల కిందటి మాట. నిన్న సాయంత్రం పదిహేను.

"ఈ కాటా పాడైపోయింది మావయ్యగారూ. మీరు ఎప్పుడూ అనేదే నిజం. కొత్తది తెప్పిస్తాను" అంది.

"వద్దు. కాటాలో తప్పేమీ లేదమ్మా" అన్నాను. ఆ మాట నా నోట వినడం ఆవిడకి అదే మొదటిసారి.